కేరవాన్ ఎర్రలైటు కథ: మార్చి నుంచి ఈస్టర్ దాకా రిపేరు డైరీ

మార్చి 2, ఆదివారం

స్టోరేజీ నుంచి బండి ఇంటికి తెచ్చా. అక్టోబరు చివర్లో పెట్టేసింది, నాలుగు నెలలు కదల్లేదు, పైకప్పంతా నాచు పట్టి పచ్చగా అయిపోయింది. అది కడుక్కుంటే పోతుంది, అసలు గొడవ వేరే. కారుకి తగిలించి ప్లగ్గు పెట్టగానే ముందు కొక్కెం దగ్గర ఉండే చిన్న ఎల్ఈడీ ఆకుపచ్చగా వెలగాలి, ఎర్రగా వెలిగింది. తీసి పెట్టా, మళ్ళీ ఎరుపే. మూడోసారి అసలు ఏమీ వెలగలేదు, నాలుగోసారి ఎరుపు.

తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్తా. టూరింగ్ కేరవాన్ అంటే ఇంజను లేని చిన్న ఇల్లు, మంచాలు పొయ్యి బాత్రూం అన్నీ ఉంటాయి, కారు వెనకాల కట్టుకుని లాక్కుపోవడమే. ఇంగ్లండ్‌లో మేముండే నార్తాంప్టన్‌లో వీధికి రెండు కనపడతాయి. దీంతో వచ్చే పెద్ద భయం తోక ఊగడం. పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినా, దిగుడులో స్పీడు పెరిగినా, లోపల సామాను వెనక్కి ఎక్కువ సర్దినా బండి పాములా ఎడమకీ కుడికీ ఊగటం మొదలెడుతుంది, ఒక్కో ఊపుకీ పెరుగుతుంది, ఆపలేకపోతే కారుని కూడా తిప్పి పడేస్తుంది. దానికోసమే యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు దగ్గర ఒక డబ్బా బిగించి ఉంటుంది, అందులో పక్కకి ఊగటాన్ని కొలిచే సెన్సారూ ఒక మోటారూ. ఊపు మొదలైందని తెలియగానే మోటారు కేరవాన్ బ్రేకులు కాసేపు పట్టి వదులుతుంది. తోక పట్టుకుని వెనక్కి లాగినట్టన్నమాట, బండి సాఫీ అవుతుంది. కంపెనీ పేరు రాయను, చివరికి తప్పు ఎక్కడ తేలిందో చదివితే మీకే తెలుస్తుంది ఎందుకు రాయట్లేదో.

అక్టోబరులో ఎం6 మోటర్‌వే మీద వస్తుంటే ఒకసారి ఊగింది. పెద్దగా కాదు, మూడు నాలుగు ఊపులు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నా, బ్రేకు తొక్కలేదు, స్టీరింగుతో సర్దబోలేదు, దానంతటదే తగ్గింది. అప్పుడు ఆ డబ్బా ఏమీ చెయ్యలేదనే నా అనుమానం. ఆ రోజు బయల్దేరేముందు లైటు ఏ రంగులో ఉందో నేను చూశానా? చూసినట్టు గుర్తులేదు. ఇది నా తప్పే.

ఈస్టర్ సెలవులకి ఇంగ్లండ్ ఉత్తరాన ఉండే లేక్ డిస్ట్రిక్ట్, కెస్విక్ దగ్గర సైటు బుక్ చేసి ఉంది, ఏప్రిల్ 17 గురువారం. ఆరు వారాలు.

మార్చి 8, శనివారం

ముందు తేలిక పనులు. కారులో టోబార్ (కేరవాన్ తగిలించే వెనక కడ్డీ) ఫ్యూజ్ చూశా, బాగుంది. పదమూడు పిన్నుల ప్లగ్గు ఊడదీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చిన్న బ్రష్‌తో తోమా, రెండు పిన్నులు నల్లబడి ఉన్నాయి, తోమాక మెరిశాయి. ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, వెనక ఫాగ్ లైటు, రివర్స్ లైటు అన్నీ మా ఆవిడ వెనకాల నిలబడి ఒక్కొక్కటీ చెప్పింది, అన్నీ ఓకే. లైట్లన్నీ వెలుగుతున్నాయి కాబట్టి ప్లగ్గు బాగుంది అని రాసేసుకున్నా. ఈ వాక్యం వల్ల ఒక వారం పోయింది.

మల్టీమీటర్ తెచ్చి యాక్సిల్ దగ్గర డబ్బాకి వెళ్ళే రెండు వైర్ల కనెక్టర్ విప్పి కొలిచా. 12.5 వోల్టులు. కరెంటు ఫుల్లుగా వస్తోంది, మరి లైటు ఎరుపంటే డబ్బానే పోయిందన్నమాట.

ఒక వర్క్‌షాపుకి ఫోన్ చేశా. బండి చూడకుండానే, లోపల సీల్ చేసి ఉంటుంది రిపేరు అవ్వదు కొత్తది వెయ్యాలి, వస్తువూ కూలీ కలిపి ఏడువందల పౌండ్లు దాటుతుంది అన్నారు. డేటు ఇస్తాం రమ్మన్నారు, అదీ ఏప్రిల్ చివర్లో. మా ఆవిడ మాత్రం "ఆ డబ్బా లేకుండా పోలేమా, నెమ్మదిగా నడుపు" అంది. పోవచ్చు. డబ్బా లేకపోయినా మామూలుగా బ్రేకులు పనిచేస్తాయి. అక్టోబరు గుర్తొచ్చి నేనే వద్దన్నా.

మార్చి 9, ఆదివారం

అనుమానం కారు మీదకి పోయింది. ఈమధ్య కార్లలో ఆల్టర్నేటర్లు, అంటే ఇంజనుతో తిరిగి బ్యాటరీ నింపేవి, తెలివిమీరి పోయాయి, బ్యాటరీ నిండిందనుకుంటే వోల్టేజీ తగ్గించేస్తాయి, కొన్ని కార్లు టోబార్ సాకెట్‌కి కరెంటు కట్ చేసి నిద్రపోతాయి కూడా. పక్కింటి పెద్దాయన రిటైరైన లారీ మెకానిక్, ఆయనకీ కేరవాన్ ఉంది. ఆయన కారు వెనక్కి తెచ్చి మా బండికి ప్లగ్గు పెట్టారు. ఎరుపు. మా కారుని తీసుకెళ్ళి ఆయన కేరవాన్‌కి పెట్టాం, ఆకుపచ్చ. అరగంటలో తేలిపోయింది, కారు తప్పు కాదు. ఇలా ఇటుది అటు అటుది ఇటు మార్చి చూడటం కంటే చవకైన పరీక్ష లేదు, ముందు వారమే చెయ్యాల్సింది.

ఆయన కూడా డబ్బా పోయి ఉంటుందనే అన్నారు. టీ తాగి వెళ్ళిపోయారు.

మార్చి 15, శనివారం

బెజవాడ ఆటోనగర్‌లో మా మావయ్య లారీలకి వైరింగ్ చేస్తాడు, ముప్పై ఏళ్ళ పైనే అయింది. వేరే పని మీద ఫోన్ చేస్తే మాటల్లో ఇది చెప్పా. వీడియోలో బండి కింద చూపించమన్నాడు, వర్షం పడుతోంది, ఫోను పట్టుకుని చాప వేసుకుని కిందకి దూరా. మీటర్లో 12.5 చూపించా గర్వంగా.

"ఒరేయ్ అల్లుడూ, ఖాళీ రిక్షా ఎవడైనా తొక్కుతాడు. బస్తాలేసి చూడు."

అర్థం కాలేదు. అప్పుడు విడమర్చి చెప్పాడు. మీటరు కరెంటు తాగదు, వెంట్రుకంత తీగె మిగిలినా దానికి 12 వోల్టులు కనపడతాయి. మోటారు లాగడం మొదలెట్టినప్పుడు ఎంత వస్తోందో చూడాలి. దానికి హెడ్‌లైట్ బల్బు పెట్టు, వాళ్ళు అక్కడ రోజూ చేసేది అదే, మీటర్లు తర్వాత వచ్చాయి. ఇంకోటి కూడా అన్నాడు, "ఎర్తు చూశావా?" కరెంటు బ్యాటరీకి తిరిగెళ్ళే దారి అన్నమాట. లైట్లన్నీ వెలుగుతున్నాయి మావయ్యా అన్నా. "లైట్ల ఎర్తూ దీని ఎర్తూ ఒకటేనా?" అన్నాడు.

ఫోన్ పెట్టేసి పిన్నుల చార్టు తీశా. ఒకటి కాదు! పదమూడు పిన్నుల ప్లగ్గులో లైట్లన్నిటికీ తిరుగుదారి 3వ పిన్ను. ఎప్పుడూ ఉండే 12 వోల్టులు 9వ పిన్నులో వస్తాయి, దాని ఎర్తు 13వ పిన్ను. ఇంజను నడిచేటప్పుడు ఫ్రిజ్‌కి వెళ్ళేది 10, దాని ఎర్తు 11. మూడూ వేరువేరు దార్లు. మన డబ్బా 9, 13 మీద బతుకుతోంది, ఇండికేటర్లు వెలగటం చూసి దాని ఆరోగ్యం చెప్పడం అంటే పక్కింట్లో నల్లా వస్తోందని మనింట్లో బిందె నిండిందనుకోవడమే.

మార్చి 16, ఆదివారం

పాత కారుదో ఎవరిదో 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు గరాజ్ డబ్బాలో దొరికింది. రెండు వైర్లు అంటించి డబ్బాకి వెళ్ళే కనెక్టర్లో బండి వైపు పెట్టా. బల్బు వెలిగింది కానీ పసుప్పచ్చగా, కిరసనాయిలు దీపంలా. మీటరు పెడితే 8.9.

బల్బు తీస్తే 12.5, పెడితే 8.9. ఈ రెండు అంకెలూ చూసి రోడ్డు మీదే గట్టిగా నవ్వా, పక్కన కుక్కని తిప్పుతున్నావిడ అదోలా చూసింది.

ఇప్పుడు ఎక్కడ తింటోందో వెతకాలి. పదిమీటర్ల వైరు ఒకటి కారు బ్యాటరీ మైనస్‌కి క్లిప్పు పెట్టి కేరవాన్ కిందదాకా లాగా. బల్బు వెలుగుతుండగా, బల్బు మైనస్‌కీ ఆ పొడుగు వైరుకీ మధ్య మీటరు పెట్టా. ఎర్తు బాగుంటే ఇది సున్నాకి దగ్గరగా ఉండాలి. 3.1 వోల్టులు. వైరు ప్లస్‌కి మార్చి అటు కూడా చూశా, 0.4. బల్బు వెలుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.4 ఉంది, 12.4లోంచి 3.1, 0.4 తీసేస్తే 8.9, లెక్క సరిపోయింది. లెక్క సరిపోతే ఎంత హాయిగా ఉంటుందో ఆఫీసులో కోడ్ రాసేటప్పుడు కూడా అంత ఉండదు.

అంటే ఎర్తు దారిలో ఎక్కడో ఒక జాయింటు. ప్లగ్గు దగ్గర కొలిచా, పెద్ద తేడా లేదు. ముందు లాకరులో, గ్యాస్ సిలిండర్ల వెనకాల ప్లగ్గు కేబులూ బండి వైరింగూ కలిసే చిన్న పెట్టె ఉంటుంది, మూత తీశా. బల్బు పది నిమిషాల్నించీ వెలుగుతోంది కదా, వైర్ల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయా, ఒకటి వెచ్చగా తగిలింది. 13వ పిన్ను వైరు. ఆ నీలం ప్లాస్టిక్ క్రింపు, అంటే రెండు వైర్లని కలిపి నొక్కేసే గొట్టం, ఒక పక్క గోధుమ రంగుకి తిరిగింది, లాగితే ఊడొచ్చింది, లోపల రాగి పచ్చటి పొడి అయిపోయి నాలుగు పోగులు మాత్రం పట్టుకుని ఉన్నాయి. మూడు వోల్టులు అక్కడ ఆగిపోతున్నాయంటే పన్నెండు వాట్ల దాకా వేడి ఆ చిన్న ముక్కలోనే పుడుతోంది. గ్యాస్ సిలిండర్ల పక్కన. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు జలదరిస్తోంది.

నల్లబడిన వైరు రెండంగుళాలు కోసేసి, మంచి రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్ళి, కొత్త క్రింపు వేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగా. పక్కన 9వ పిన్ను క్రింపు కూడా మార్చేశా ఎలాగూ మూత తీశాం కదా అని. మళ్ళీ బల్బు. 11.7! తెల్లగా వెలిగింది, కళ్ళలోకి కొట్టింది.

కనెక్టర్ పెట్టి ప్లగ్గు పెట్టా. ఝుయ్ మంటూ మోటారు తిరిగింది, ఆకుపచ్చ.

మావయ్యకి ఫోటో పంపా, నెలల తర్వాత మొదటిసారి ఆకుపచ్చ. బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది, అంతే.

మార్చి 22, శనివారం

తొందరపడి ఫోటో పంపా. ఇవాళ ప్లగ్గు పదిసార్లు పెట్టి తీశా, ఏడుసార్లు ఆకుపచ్చ, మూడుసార్లు ఎరుపు. ఒక వరసంటూ లేదు.

వైరింగు మీద అనుమానం పూర్తిగా తీర్చుకోవాలని కేరవాన్ లోపలి బ్యాటరీ బయటికి తీసి, ప్లస్ వైపు ఫ్యూజ్ పెట్టి, డబ్బాకి నేరుగా కరెంటు ఇచ్చా. మధ్యలో కారు లేదు ప్లగ్గు లేదు పాత వైరు లేదు. అయినా ఐదులో రెండు ఎరుపు. మావయ్య అప్పుడు షాపులో బిజీ, "అయితే కరెంటు కాదురా, ఇంక నాకు తెలిసింది అయిపోయింది" అన్నాడు. అంత సూటిగా చెప్పేవాళ్ళు తక్కువ.

ఒక జాగ్రత్త, ఎవరైనా ఇది చేస్తే. కరెంటు ఇచ్చినప్పుడల్లా మోటారు తనంతట తను ఒకసారి బయటికి పొడుచుకొచ్చి వెనక్కి వెళ్ళి తనని తను పరీక్షించుకుంటుంది. ఆ సమయంలో దాని దగ్గర చెయ్యి ఉండకూడదు. బ్రేకుని లాగే బలం అది, వేలుకీ బ్రేకు రాడ్డుకీ తేడా దానికి తెలియదు.

మార్చి 29, శనివారం

దారి అనుకోకుండా దొరికింది. రాత్రి పాప పాత వీడియోలు చూస్తోంది, రెండేళ్ళ క్రితం బండి కొన్న కొత్తలో మొదటి ట్రిప్పుకి బయల్దేరుతున్నది. నేను ప్లగ్గు పెడతా, బండి ఝుయ్-టక్-ఝుయ్ అంటుంది, పాప వెంటనే నోటితో "జుయ్ తక్ జుయ్" అని ఎగురుతుంది, దానికప్పుడు మూడేళ్ళు. అందరం నవ్వుకున్నాం. మళ్ళీ పెట్టమన్నా. మళ్ళీ పెట్టమన్నా. ఆరోసారికి మా ఆవిడకి అర్థమైంది నేను పాపని చూడట్లేదని.

వీడియోలో మోటారు బయటికి రావడానికి రెండు సెకన్లు కూడా పట్టట్లేదు. పోయిన వారం నేను తీసిన వీడియో పక్కన పెట్టి చూశా, నాలుగు సెకన్లకి దగ్గరగా ఉంది. అంటే మోటారు అప్పటికంటే దూరం వెళ్తోంది. ఎందుకు వెళ్తుంది? బ్రేకు తగలట్లేదు కాబట్టి.

ఇది తట్టడానికి బ్రేకు ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. ఈ డబ్బాకి సొంత బ్రేకులంటూ లేవు. కేరవాన్‌లో ఉండేది ఓవర్‌రన్ బ్రేకు, కారు స్లో అయితే వెనకున్న బండి ముందుకి తోస్తుంది, కొక్కెం లోపలికి జారుతుంది, అది ఒక పొడుగు రాడ్డుని లాగుతుంది, రాడ్డు చివర త్రాసు కాడ లాంటి ఒక అడ్డపట్టీ, దాని రెండు చివర్లనుంచీ రెండు కేబుళ్ళు రెండు చక్రాల డ్రమ్ముల్లోకి. అడ్డపట్టీ కదిలితే కేబుళ్ళు లాగి డ్రమ్ముల్లో షూలు, అంటే డ్రమ్ముని లోపల్నించి ఒరుసుకుని ఆపే ముక్కలు, విచ్చుకుంటాయి. మన మోటారు చేసేదల్లా అదే పట్టీని తను కదపడం. షూలు అరిగి డ్రమ్ముకి దూరమైతే మోటారు ఎంత తోసినా పట్టు దొరకదు, కొలిచిన దూరం దాటిపోతుంది, లోపలి బుర్ర "ఏదో తప్పుంది" అని ఎరుపు వేసేస్తుంది. పాపం అది నిజమే చెప్తోంది, మేమే దాన్ని పీకి పారేద్దామనుకున్నాం!

మార్చి 30, ఆదివారం

ఉగాది. ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిపిన రోజు కూడా ఇదే, లేచేసరికే గంట పోయింది. వేపపువ్వు హైదరాబాదు నుంచి తెచ్చుకున్న ఎండుది వేశాం. పక్కింటి పెద్దాయనకి పచ్చడి గిన్నెతో వెళ్ళా, మొహం మాడ్చి మొత్తం తాగేశారు, తాగి వీడియోల సంగతి విన్నారు. "హ్యాండ్ బ్రేకు ఎక్కడిదాకా లేస్తోంది?" అన్నారు. వెళ్ళి లాగి చూశాం, దాదాపు నిటారుగా నిలబడింది. దీన్ని నేను రెండేళ్ళుగా లాగుతున్నా, ఎప్పుడు ఇంత పైకి వచ్చిందో గమనించనే లేదు, రోజుకి కాస్త వంగే గోడలాంటిది. పండగపూట ఇంక బండి కిందకి వెళ్తే బాగుండదని ఆపేశా.

ఏప్రిల్ 5, శనివారం

రోజంతా బ్రేకులే. పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పారు, పని నాది.

చదును నేల మీద కారుకి తగిలించి ఉంచి, కారు హ్యాండ్ బ్రేకు వేసి, రెండో చక్రానికి ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టాం, ఎందుకంటే కేరవాన్ హ్యాండ్ బ్రేకు వదిలేస్తేనే ఈ పని అవుతుంది. ప్లగ్గు మాత్రం పీకేశాం, మోటారుకి కరెంటు లేకుండా. జాకీ యాక్సిల్ దగ్గర చోటులో, కింద స్టాండు. నాలుగు మూలలా దించే కాళ్ళున్నాయి కదా వాటితో ఎత్తేద్దామని కొందరు చూస్తారు, అవి బండి ఊగకుండా ఉండటానికే, ఎత్తడానికి కాదు, వంగిపోతాయి.

కుడి చక్రం చేత్తో తిప్పితే గిరగిరా తిరుగుతూనే ఉంది. లోపలి వైపు పళ్ళెంలో రబ్బరు బిరడాలు రెండుంటాయి, ఒకటి షూ మందం చూడటానికి, ఒకటి సర్దడానికి. టార్చి వేసి చూస్తే లైనింగు ఇంకా ఉంది, అరిగింది గానీ మార్చాల్సినంత కాదు. డ్రమ్ము తీసి శుభ్రం చేద్దామని చెయ్యి దురద పెట్టింది, తియ్యలేదు. మా యాక్సిల్‌కి మధ్యలో ఉండే పెద్ద నట్టు ఒక్కసారి వాడేది, విప్పితే కొత్తది కొనాలి, దాన్ని 290 న్యూటన్ మీటర్లకి బిగించాలి, అంత టార్క్ పానా నా దగ్గర లేదు, లేకుండా అందాజుగా బిగిస్తే చక్రం రోడ్డు మీద ఊడే పని. ఈ విషయంలో పిరికితనమే మంచిది.

సర్దే బిరడాలోంచి స్క్రూడ్రైవరు పెట్టి పళ్ళ చక్రాన్ని తిప్పుతూ పోవాలి, చక్రం ఆగిపోయేదాకా, తర్వాత తేలిగ్గా తిరిగేదాకా వెనక్కి. ఇక్కడ నేను చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే పెద్దాయన కేకేశారు. ముందుకి పోయే దిక్కులోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే రివర్స్ చేసేటప్పుడు బ్రేకు దానంతటదే వదిలేసే ఏర్పాటు పనిచేసి షూ జారిపోతుంది, మనకి సర్దినట్టే కనపడుతుంది, అంతా తప్పు. కుడివైపు పద్నాలుగు పళ్ళు లెక్కపెట్టా, ఎడమవైపు తొమ్మిది.

అప్పుడు కింద పడుకుని అడ్డపట్టీ చూశా. వంకరగా ఉంది, ఒక కేబులు ముందుకి లాగి ఉంది, ఇంకోటి వెనక. రాడ్డు మీద నట్టు చాలా లోపలిదాకా బిగించి ఉంది, మర మీద మిగిలిన భాగం తుప్పు పట్టకుండా మెరుస్తోంది, అంటే ఈమధ్యనే ఎవరో తిప్పారు. పెద్దాయన చూసి తల అడ్డంగా ఊపారు. షూలు సర్దకుండా రాడ్డు బిగించేశారన్నమాట. అది ఐదు నిమిషాల పని, చక్రాలు ఎత్తక్కర్లేదు, హ్యాండ్ బ్రేకు గట్టిపడినట్టే ఉంటుంది కొన్నాళ్ళు, సర్వీసు పుస్తకంలో ముద్ర పడిపోతుంది. ఎవరు చేశారో నాకు తెలుసు, ముద్ర ఉంది, పేరు రాయను. డబ్బులిచ్చి చేయించుకున్న సర్వీసు అది.

వరస మార్చకూడదు అన్నారాయన, ముందు షూలు, తర్వాత కేబుళ్ళు, ఆఖరికి రాడ్డు. రాడ్డు నట్టు పూర్తిగా వదులు చేసి, ఒక్కో కేబులు లోపలి తీగె చేత్తో లాగితే 5 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య రావాలి, కుడిది 7, ఎడమది 6 వచ్చాయి. పట్టీ తిన్నగా వచ్చింది. ఆఖరికి రాడ్డు, ఆట పోయేంతవరకే, బిగించడం కాదు. హ్యాండ్ బ్రేకు ఇప్పుడు కాస్త లేపగానే పట్టేస్తోంది.

చక్రాలు దించి, బోల్టులు టార్కు చూసి బిగించి, చెక్కలు ఉండగానే ప్లగ్గు పెట్టా. ఝుయ్ టక్ ఝుయ్. పాప కిటికీలోంచి "జుయ్ తక్ జుయ్" అంది, ఇప్పుడు ఐదేళ్ళయినా అలాగే అంటుంది. ఆకుపచ్చ. ఇరవైసార్లు పెట్టి తీశా, ఇరవై ఆకుపచ్చలు. ఫోన్లో చూస్తే బయటికి రావడానికి రెండు సెకన్ల లోపే. పెద్దాయనకి గోంగూర పచ్చడి సీసా ఇచ్చా, ఉగాది పచ్చడి కంటే ఇదే నయం అన్నారు.

ఖర్చు లెక్క రాస్తే క్రింపులూ హీట్ ష్రింకూ కాంటాక్ట్ క్లీనరూ కలిపి పద్దెనిమిది పౌండ్లు. బల్బు ఊరికే.

ఏప్రిల్ 12, శనివారం

సామాను సర్దుడు. ఎలక్ట్రానిక్స్ ఎంత బాగున్నా బరువు తప్పు పెడితే లాభం లేదు, ఊపు పుట్టేదే అక్కడ. బండి నిండు బరువు 1,400 కిలోలు, కారు 1,720, అంటే 81 శాతం, ఇక్కడివాళ్ళు 85 దాటొద్దంటారు. ముక్కు మీద, అంటే కొక్కెం కారు మీద మోపే బరువు, బండి బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి, మాకు 70 నుంచి 98 అన్నమాట, కానీ కారు టోబారు 90 దాటి ఒప్పుకోదు. మొదటిసారి తూస్తే 61 వచ్చింది. చూస్తే మా ఆవిడ వెనక మంచం కింద బియ్యం బస్తా, గ్రైండరు, కుక్కరు పెట్టింది. నాలుగు రోజుల ట్రిప్పుకి గ్రైండరు ఎందుకే అంటే "దోసెలు నువ్వు రుబ్బుతావా" అంది. గ్రైండరు యాక్సిల్ మీదకి, బియ్యం ఇంకాస్త ముందుకి, 82 వచ్చింది. గ్రైండరు ఇంట్లో పెట్టే ప్రస్తావన మళ్ళీ రాలేదు.

కొక్కెంలో రాపిడితో పట్టుకునే ప్యాడ్లు కూడా ఉంటాయి, వాటికోసం కొక్కెం కూర్చునే టోబారు బంతికి గ్రీజు ఉండకూడదు, గుడ్డతో స్పిరిటు పెట్టి తుడిచా. ఆటోనగర్‌లో ఇది వింటే నవ్వుతారు, అక్కడ దేనికైనా ముందు గ్రీజు.

సాయంత్రం ఊరి చుట్టూ నలభై మైళ్ళు తిప్పా. దిగి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో డ్రమ్ములు చూశా, ఎడమ 41 డిగ్రీలు, కుడి 46. రెండూ దగ్గరగా ఉన్నాయి, బ్రేకు పట్టేసి లేదు. లైటు ఆకుపచ్చ.

ఏప్రిల్ 17, గురువారం, రాత్రి, కెస్విక్

పొద్దున ఐదింటికి లేచాం, బయల్దేరేసరికి ఏడైంది, గ్రైండరు వల్ల కాదు. ఎం1 ఎక్కి జంక్షన్ 19లో ఎం6 పట్టుకుని పైకి. మోటర్‌వే మీద కేరవాన్‌కి గంటకి 60 మైళ్ళే, మూడు లేన్లున్నచోట కుడి చివరి లేన్లోకి వెళ్ళకూడదు, కాబట్టి లారీలతో సహవాసం దారి పొడుగునా. ఈస్టర్ రద్దీ, బర్మింగ్‌హామ్ దగ్గర గంట నిలబడ్డాం.

మోటర్‌వే పక్కనుండే టీబే సర్వీసెస్‌లో ఆగి పులిహోర తిన్నాం, ఎదురుగా కొండలు, గొర్రెలు. అక్కడ కూడా ఎల్ఈడీ చూశా, డ్రమ్ములు ముట్టుకున్నా. అక్కడ్నించి షాప్ అనే కొండ ఎక్కాలి, ఎం6లో ఎత్తైన చోటు అదే, 300 మీటర్లు దాటుతుంది, చెట్టూ చేమా లేని మైదానం, గాలి అడ్డంగా కొడుతుంది. ఎక్కేటప్పుడు పర్వాలేదు. దిగేటప్పుడు ఒక ఫర్నిచర్ లారీ దాటుకుంటూ పోయింది, బండి ముందు దాని గాలికి అటు నెట్టుకుంది తర్వాత ఇటు లాక్కుంది, స్టీరింగులో తెలిసింది. కాలు తీశా. వెనకాల ఏదో చిన్నగా పట్టినట్టు అనిపించింది, సీటు బెల్టు ఒకసారి సర్దుకున్నట్టు. ఒక్క ఊపు, రెండోది రాలేదు. మా ఆవిడ నిద్ర కూడా లేవలేదు.

ఆ పట్టింది మోటారా, మామూలు ఓవర్‌రన్ బ్రేకా, నా ఊహా చెప్పలేను, కాలు తీసినా బండి కాస్త తోస్తుంది కదా, అప్పుడు కూడా అలాగే ఉంటుంది. డబ్బాలో చూసుకోడానికి చరిత్ర ఏమీ కనపడదు, రెండు రంగుల లైటే దాని భాష. జంక్షన్ 40లో దిగి ఏ66 మీద కెస్విక్ చేరేసరికి మూడున్నర.

మావయ్య ఫోన్ చేశాడు, "పనిచేసిందా?"

"తెలియదు మావయ్యా, ఊగలేదు."

"ఎర్తు వేడెక్కిందా?"

లాకరు తీసి వేలు పెట్టి చూశా. చల్లగా ఉంది. కుడి డ్రమ్ము మాత్రం 52, ఎడమది 44, తేడా కాస్త పెరిగింది. ఇంటికెళ్ళాక కుడివైపు రెండు పళ్ళు వెనక్కి తిప్పి మళ్ళీ కొలుస్తా.